యుద్ధాల గురించి అంతా చదివింది, "ఎందుకు" అంటే చెప్పలేకపోయింది: ఒక సివిల్స్ విద్యార్థి కేస్ స్టడీ

నేను సివిల్స్, గ్రూప్-1 విద్యార్థులకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతాను. క్లాసులో చెప్పడం ఒక ఎత్తు, జవాబు పత్రాలు దిద్ది ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడటం ఇంకో ఎత్తు. ఈ రెండో పనిలో ఎదురైన ఒక కేసు పూర్తిగా రాసిపెడుతున్నాను, ఎందుకంటే ఇదే ఇబ్బందితో వచ్చేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు, పైగా వాళ్ళెవరూ చదవనివాళ్ళు కాదు, అందరికంటే ఎక్కువ చదివేవాళ్ళు. ఆ అమ్మాయి అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు, ఊరు, కాలేజీ, పరీక్షలో చివరికి ఏమైందన్నది మాత్రం రాయను.

నేపథ్యం

ఇంజినీరింగ్ అయ్యాక కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, మానేసి, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ ప్రిపేర్ అవుతోంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టినప్పుడు వాళ్ళ బంధువుల పిల్లాడు అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నాడు. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి కాబట్టి ఆ రోజులు ఎలా గడిచాయో వేరే చెప్పక్కర్లేదు. మెట్రో స్టేషన్లలో తలదాచుకుని, కిక్కిరిసిన రైళ్ళలో సరిహద్దు దాకా వెళ్ళి, పోలండ్, రొమేనియా, హంగరీ దాటి ఆపరేషన్ గంగ విమానాల్లో వచ్చారు పిల్లలు. ఈ అమ్మాయి అప్పట్లో రాత్రంతా మేలుకుని ఏ వీధిలో బాంబు పడిందో టెలిగ్రామ్‌లో వెతికి ఇంట్లోవాళ్ళకు చెప్పేది. పిల్లాడు క్షేమంగా ఇల్లు చేరాడు, ఆ అలవాటు మాత్రం ఈమెను వదల్లేదు. ఉక్రెయిన్ తర్వాత గాజా, ఆ తర్వాత ఎర్ర సముద్రంలో యెమెన్ హూతీల దాడులు, ఆ తర్వాత ఇరాన్, ఇజ్రాయెల్. రోజుకు రెండు మూడు గంటలు యుద్ధ వార్తలకే పోయేవి, దాన్ని తను "కరెంట్ అఫైర్స్" లెక్కలో వేసుకునేది.

సమస్య ఏ రూపంలో బయటపడింది

టెస్ట్ సిరీస్‌లో రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒకటి ఉక్రెయిన్ యుద్ధానికి మూలాలు, భారత విదేశాంగ విధానం మీద దాని ప్రభావం. రెండోది సూడాన్ అంతర్యుద్ధం, ఎర్ర సముద్ర ప్రాంత భద్రత. ఉక్రెయిన్ జవాబు పేజీ నిండా రాసింది. హైమార్స్ రాకెట్ల పరిధి సుమారు 80 కిలోమీటర్లు, అటాకమ్స్ అయితే 300, షాహెద్ డ్రోన్లను రష్యా ఏ పేరుతో తయారు చేస్తోంది, ఇలాంటివన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఉక్రెయిన్ ఎప్పటికైనా సభ్యురాలవుతుందని నాటో ప్రకటించిన 2008 బుకారెస్ట్ సదస్సు లేదు, 2014లో రష్యా క్రిమియాను కలుపుకోవడం ఒక్క ముక్కలో తేలిపోయింది, తూర్పు ఉక్రెయిన్‌లో పోరు ఆపడానికి కుదిరిన మిన్స్క్ ఒప్పందాల ఊసే లేదు. సూడాన్ కింద నాలుగు లైన్లు రాసి కొట్టేసింది. మూడేళ్ళుగా సాగుతూ కోటి 20 లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలేలా చేసిన యుద్ధం ఆమె ఫోన్‌లోకి ఎప్పుడూ రాలేదు.

పేపర్ చేతికిచ్చినప్పుడు వాదించలేదు. "సార్, ఇంత చదువుతున్నా కదా, ఎవరైనా ఎందుకు అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు" అంది. నిద్ర పట్టట్లేదని కూడా చెప్పింది. 2025 మే 8 రాత్రి కరాచీ పోర్టు ధ్వంసమైపోయిందని చాలా ఛానెళ్ళు చెబుతుంటే తెల్లారేదాకా చూసిందట, ఆ తర్వాత అసలు అక్కడ దాడే జరగలేదని తెలిసింది. ఆ రాత్రి నుంచి ఏది చదివినా నమ్మాలో వద్దో తెలియని టెన్షన్.

ఏం చదువుతోందో చూద్దామని ఆమె ఫోన్ తీసి నాకు చూపించమన్నాను. అందులో ఉన్నదంతా రెండే రకాలు. ఏది పేలింది, ఎవరు పేల్చారన్నది ఒకటి. రేపు ఏం జరగబోతోందన్న జోస్యం ఇంకోటి. ఒక చోట నిలబడి, మనుషులతో మాట్లాడి, చూసింది రాసిన రిపోర్టర్ ఒక్కరూ లేరు. పదేళ్ళ వెనక్కి వెళ్ళి దారాలు కలిపిన విశ్లేషణ ఒక్కటీ లేదు. జర్నలిజం అనుకుని చదువుతున్నదాంట్లో జర్నలిజమే లేదన్నమాట.

ముందు చేసి చూసినవి

నా దగ్గరికి రాకముందే ఒక సీనియర్ సలహా మీద వార్తలన్నీ ఆపేసి నెలవారీ కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్‌కే పరిమితమైంది. కొద్ది రోజులే నిలబడింది. మ్యాగజైన్లతో ఒక చిక్కుంది. "ఇంతమంది చనిపోయారు" అని ఒక అంకె ఉంటుంది, ఆ అంకె ఎవరు లెక్కపెట్టారో ఉండదు. వార్తలో "ఫలానా శాఖ తెలిపింది", "స్వతంత్రంగా నిర్ధారించలేకపోయాం" అన్న మాటలన్నీ కుదించడంలో రాలిపోతాయి. ఆమెకు కావాల్సింది సరిగ్గా ఆ రాలిపోయిన మాటలే.

తర్వాత నేను రెండు పక్షాలూ చదివించాను. నా ఆలోచన ఏంటంటే, ఈమె చూసే ఛానెళ్ళన్నీ ఏదో ఒక వైపు మొగ్గినవే కాబట్టి ఎదుటి పక్షం మాట కూడా వింటే బ్యాలెన్స్ వస్తుందని. ఇది చాలామంది టీచర్లు ఇచ్చే సలహానే, పైకి చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆమె రాతలో వచ్చిన మార్పు చూస్తే అర్థమైంది ఇది పనిచెయ్యదని. ప్రతి పేరా "ఒకరు ఇలా అంటున్నారు, మరొకరు అలా అంటున్నారు, నిజం మధ్యలో ఎక్కడో ఉంటుంది" అని ముగిసేది.

అప్పుడు బుచా తీసుకుని కూర్చున్నాం. 2022 మార్చి చివర్లో రష్యా బలగాలు ఖాళీ చేశాక కీవ్ పక్కనున్న ఆ ఊరి వీధుల్లో శవాలు బయటపడ్డాయి. తాము ఉన్నంతకాలం ఎవరికీ హాని జరగలేదని, ఇదంతా తర్వాత ఆడించిన నాటకమని రష్యా అంది. యాబ్లున్‌స్కా వీధిలో ఆ శవాలు రష్యా సైన్యం ఆ ఊళ్ళో ఉన్న మార్చి మధ్య రోజుల్లోనే పడి ఉన్నట్టు ఉపగ్రహ చిత్రాలు చూపించాయి, జర్నలిస్టులు వాటిని వీధిలో తీసిన వీడియోలతో పక్కపక్కన పెట్టి సరిపోల్చారు. ఇక్కడ మధ్యలో నిజం ఏముంది? ఒకరి మాట ఆధారానికి నిలబడింది, ఇంకొకరిది నిలబడలేదు, అంతే.

దీనికి పూర్తి భిన్నంగా గాజాలోని అల్ అహ్లీ ఆస్పత్రి పేలుడు. 2023 అక్టోబర్ 17న ఇజ్రాయెల్ దాడిలో 500 మంది చనిపోయారని గాజా అధికారులు చెప్పిన మాట నిమిషాల్లో ప్రపంచమంతా హెడ్‌లైన్ అయిపోయింది. ఇస్లామిక్ జిహాద్ అనే పాలస్తీనా సాయుధ సంస్థ రాకెట్ గురితప్పి పడిందని ఇజ్రాయెల్ అంది. ఆ తర్వాత గాజా ఆరోగ్య శాఖ 471 అని చెప్పింది, అమెరికా నిఘా వర్గాలు 100 నుంచి 300 మధ్య అని అంచనా వేశాయి. హ్యూమన్ రైట్స్ వాచ్‌తో సహా పలువురి పరిశీలన గురితప్పిన రాకెట్ వైపే మొగ్గింది, అది ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు. ఇక్కడ "ఇంకా తేలలేదు, మొగ్గు మాత్రం ఇటు" అని రాయాలి. బుచాకూ అల్ అహ్లీకీ ఒకే వాక్యం రాసే విద్యార్థికి రెండూ అర్థం కానట్టే, రెండు పక్షాలూ చదివించడం వల్ల ఆమె సరిగ్గా అలాంటి వాక్యం రాయడమే నేర్చుకుంటోంది.

టైమ్‌లైన్లు కూడా రాయించాను. తేదీలు బాగా వచ్చాయి, కారణాలు రాలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

దారి మార్చడం

అప్పుడు నేను ఆలోచించింది ఇది. ఉక్రెయిన్ అంటే ఆమెకు సొంతింటి భయం. గాజా అంటే మన సోషల్ మీడియాలో ముందే రెండు జట్లు. ఈ రెండింట్లోనూ వార్త చదివే ముందే మనసు ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటుంది, కాబట్టి చదివే పద్ధతి నేర్పడానికి ఇవి పనికిరావు. ఆమెకు ఏ పక్షమూ లేని యుద్ధం కావాలి, ఫోన్‌లో గోల లేని యుద్ధం కావాలి, కానీ మంచి రిపోర్టింగ్ ఉన్న యుద్ధం కావాలి. సూడాన్ ఎంచుకున్నాను, అక్కడ పోరు సైన్యానికీ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ (ఆర్‌ఎస్‌ఎఫ్) అనే పారామిలిటరీ దళానికీ మధ్య. మన లింకు కూడా లేకపోలేదు, 2023లో ఆపరేషన్ కావేరిలో 3,862 మంది భారతీయుల్ని అక్కడి నుంచే తీసుకొచ్చారు.

పద్ధతి చిన్నదే. వారానికి ఒక క్షేత్రస్థాయి కథనం, ఒక విశ్లేషణ. అంతకుమించి యుద్ధాల గురించి ఏదీ చదవకూడదు. కథనం ప్రింట్ తీసుకుని ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో ఒక అక్షరం రాయాలి. రిపోర్టర్ కళ్ళారా చూసిందైతే "చూ". ప్రత్యక్ష సాక్షి చెబితే విన్నదైతే "వి". ఒక పక్షం ప్రకటనైతే "ప్ర". రిపోర్టర్ ఆధారాలు కలిపి తేల్చిందైతే "తే". ఏ అక్షరమూ పెట్టలేని వాక్యానికి సున్నా చుట్టాలి.

మొదట ఎల్ జెనీనా గురించి చదివాం. 2023లో పశ్చిమ డార్ఫుర్‌లోని ఆ ఊళ్ళో మసాలిత్ తెగవాళ్ళను ఊచకోత కోశారు, ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం చెప్పిన అంచనా 10 వేల నుంచి 15 వేల మంది. రిపోర్టర్లు ఊళ్ళోకి వెళ్ళలేకపోయారు, సరిహద్దు దాటి చాద్‌లోని అద్రే చేరిన శరణార్థులతో మాట్లాడి రాశారు. ఆమె మార్జిన్ నిండా "వి", "వి", "వి". "అన్నీ విన్నవే సార్, మరి ఎలా నమ్మడం?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఒకరికొకరు తెలియని మనుషులు, వేర్వేరు రోజుల్లో సరిహద్దు దాటినవాళ్ళు, ఒకే రోడ్డు గురించి, ఒకే చెక్‌పోస్టు గురించి, ఒకే రకంగా చెప్పారా లేదా చూడు అన్నాను. మళ్ళీ చదివి, ఎక్కడెక్కడ సాక్ష్యాలు కలుస్తున్నాయో గీతలు గీసి తెచ్చింది. అప్పటిదాకా ఆమె దృష్టిలో "వి" అంటే తక్కువ రకం ఆధారం. ఆ గీతల కాగితం తర్వాత ఆ మాట మళ్ళీ అనలేదు.

రెండోది మృతుల సంఖ్య. 2024 నవంబర్‌లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు ఒక్క ఖార్టూమ్ రాష్ట్రంలోనే యుద్ధం మొదలైన 14 నెలల్లో అన్ని కారణాలతో కలిపి 61 వేల మందికి పైగా చనిపోయి ఉంటారని, అందులో 26 వేల మంది హింస వల్లేనని అంచనా వేశారు. అప్పటిదాకా వార్తల్లో తిరుగుతున్నది దేశం మొత్తానికి సుమారు 20 వేలు. ఒక రాష్ట్రం లెక్క దేశం లెక్కను దాటడమేంటని ఈమెకు పెద్ద అనుమానం. వాళ్ళు వేర్వేరు జాబితాలు తీసుకుని, ఒక జాబితాలో ఉన్న పేర్లు ఇంకో జాబితాలో ఎన్ని కనిపిస్తున్నాయో చూసి, ఏ జాబితాకూ ఎక్కనివాళ్ళు ఎంతమంది ఉంటారో లెక్కగట్టారు. 20 వేలు అంటే నమోదైన మరణాలు, 26 వేలు అంటే నమోదుకానివి కూడా కలిపి వేసిన అంచనా. రెండూ తప్పు కాదు, రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఇంజినీరింగ్ చదివింది కదా, ఇది పట్టేసింది. అక్కడి నుంచి ఏ అంకె రాసినా పక్కన "నమోదు" అనో "అంచనా" అనో రాయడం మొదలుపెట్టింది.

ఇక "ఎందుకు" అన్న ప్రశ్న. క్షేత్ర కథనాల్లో అది దొరకదని తనే గమనించింది, అద్రే శిబిరంలో కూర్చున్న ముసలమ్మ తన ఊరు ఎలా కాలిందో చెప్పగలదు కానీ ఇద్దరు జనరల్స్ ఎందుకు విడిపోయారో చెప్పలేదు. దానికి విశ్లేషణలు చదివాం. 2019లో నియంత బషీర్ పతనం, 2021 అక్టోబర్‌లో సైన్యాధిపతి బుర్హాన్, ఆర్‌ఎస్‌ఎఫ్ అధిపతి హెమెద్తీ ఇద్దరూ కలిసి చేసిన సైనిక కుట్ర, 2022 డిసెంబర్‌లో పౌర ప్రభుత్వం కోసం కుదిరిన ఒప్పందం. ఆ ఒప్పందం దగ్గర ఆర్‌ఎస్‌ఎఫ్‌ను సైన్యంలో కలపాలన్న షరతు వచ్చింది. రెండేళ్ళలో కలపాలని సైన్యం, పదేళ్ళు కావాలని హెమెద్తీ. సొంత సైన్యం, డార్ఫుర్ బంగారు గనుల మీద పట్టు ఉన్నవాడు రెండేళ్ళలో అవన్నీ ఎందుకు వదులుకుంటాడు? 2023 ఏప్రిల్ 15న కాల్పులు మొదలయ్యాయి. టెస్టులో నాలుగు లైన్లు కొట్టేసిన అమ్మాయి ఈ రెండేళ్ళు, పదేళ్ళ తగాదా నుంచి మొదలుపెట్టి బంగారం దుబాయ్ మార్కెట్‌కు ఎలా వెళుతుందన్నదాకా బోర్డు మీద గీసి నాకే చెప్పింది.

విశ్లేషణకు కూడా అక్షరాలు పెట్టాల్సిందే. ఆర్‌ఎస్‌ఎఫ్‌కు యూఏఈ ఆయుధాలు ఇస్తోందన్న ఆరోపణ తీసుకోండి. చాద్‌లోని అమ్జరాస్ విమానాశ్రయానికి వచ్చిన కార్గో విమానాల ఆధారంగా ఐరాస నిపుణులు ఆ ఆరోపణల్ని నమ్మదగినవే అన్నారు, యూఏఈ మొదటి నుంచీ ఖండిస్తోంది. సూడాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళితే 2025 మేలో కోర్టు తనకు పరిధి లేదని కేసు తీసేసింది. మా బ్యాచ్‌లో చాలామంది దీన్ని "యూఏఈకి క్లీన్ చిట్" అని రాశారు. ఈ అమ్మాయి మాత్రం ఆ కేసుకు ఆధారమైన జెనోసైడ్ (జాతి నిర్మూలన) ఒప్పందంలో కోర్టు పరిధికి సంబంధించిన నిబంధన మీద యూఏఈ ముందే మినహాయింపు పెట్టుకుంది కాబట్టి కోర్టు అసలు నిజానిజాల్లోకే వెళ్ళలేదని రాసింది. ఆ పేపర్ దిద్దినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

మధ్యలో వెనకడుగు

2025 అక్టోబర్ 26న డార్ఫుర్‌లోని ఎల్ ఫాషర్ నగరం ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి చిక్కింది, ఏడాదిన్నర ముట్టడి తర్వాత. చంపుతూ చంపినవాళ్ళే తీసుకున్న వీడియోలు బయటికొచ్చాయి. మళ్ళీ టెలిగ్రామ్, మళ్ళీ రాత్రుళ్ళు మేలుకోవడం. ఆమెను మందలించలేదు, ఆ వీడియోలు చూసి కదలని మనిషి ఉండడు. కానీ ఒకటే అడిగాను, ఆ వీడియో ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో నువ్వు చెప్పగలవా అని. చెప్పలేదు కదా. చెప్పగలిగేవాళ్ళు ఉన్నారు. యేల్ యూనివర్సిటీ హ్యుమానిటేరియన్ రీసెర్చ్ ల్యాబ్ వాళ్ళు ఊరి చుట్టూ లేచిన మట్టికట్టను నెలల ముందు నుంచే ఉపగ్రహ చిత్రాల్లో చూపిస్తున్నారు, పతనం తర్వాత నేల మీద శవాల్లా కనిపించే ఆకారాల్ని గుర్తించారు. వీడియోల్లోని భవనాలతో పోల్చి చోటు తేల్చిన జర్నలిస్టులు ఉన్నారు. అక్కడి నుంచి పారిపోయి తవిలా ఊరి దాకా నడిచి వచ్చినవాళ్ళ మాటలు రికార్డు చేసినవాళ్ళు ఉన్నారు. వీడియోలు మానెయ్, వీళ్ళు రాసింది చదువు అన్నాను. మూడు దారుల్లో వచ్చిన ఆధారం ఒకే చోట కలుస్తుంటే అది ఎంత బలమైనదో ఆ వారం చూసింది. నిద్ర సంగతి మెల్లగా సర్దుకుంది. సర్దుకోకపోయి ఉంటే డాక్టర్ దగ్గరికి పంపేవాణ్ణి, అది నా పరిధి కాదు.

మళ్ళీ ఉక్రెయిన్, గాజా

ఆ తర్వాతే పాత యుద్ధాలకు తిరిగొచ్చాం. యుద్ధ పటాల్లో రంగులన్నీ ఒకటి కావని, ఇన్‌స్టిట్యూట్ ఫర్ ద స్టడీ ఆఫ్ వార్ పటంలో "అంచనా వేసింది" ఒక రంగు, "రష్యా చెప్పుకుంటున్నది" ఇంకో రంగు అని మొదటిసారి గమనించింది, మూడేళ్ళుగా అదే పటం చూస్తున్నా. 2022 నవంబర్ 15న పోలండ్ సరిహద్దు ఊళ్ళో క్షిపణి పడి ఇద్దరు చనిపోయినప్పుడు రష్యా క్షిపణులేనని ఒక్క అమెరికా అధికారి మాట మీద అసోసియేటెడ్ ప్రెస్ రాసి, మర్నాడు వెనక్కి తీసుకున్న సంగతి చెప్పాను. నాటో దేశం మీద రష్యా దాడి అంటే దాని అర్థం ఏంటో ఆలోచించండి, అదీ పేరు చెప్పని ఒకే ఒక్కడి మాట మీద. గాజా విషయంలో ఇజ్రాయెల్ విదేశీ జర్నలిస్టుల్ని స్వతంత్రంగా లోపలికి వెళ్ళనివ్వలేదు కాబట్టి "చూ" అన్న అక్షరం దాదాపు ప్రతిసారీ స్థానిక పాలస్తీనా రిపోర్టర్లదే, చనిపోయిన జర్నలిస్టులూ ఎక్కువగా వాళ్ళే. గాజా ఆరోగ్య శాఖ లెక్కలో పౌరులు, సాయుధులు విడివిడిగా ఉండరన్నది కూడా ఇప్పుడు ఆమె రాయకుండా వదలదు.

తన కోరిక మీద మే 8 రాత్రి సేవ్ చేసుకున్న స్క్రీన్‌షాట్లకు కూడా అక్షరాలు పెట్టింది. దాదాపు అన్నీ సున్నాలే.

నేను దీన్నుంచి తీసుకున్నది

ఈ పద్ధతి నెమ్మది. నిన్న జరిగిన దాని గురించి ఇంటర్వ్యూలో అడిగితే ఈ అమ్మాయి వారం వెనక ఉంటుంది, ఆ లోటు ఇంకా అలాగే ఉంది. అయినా మెయిన్స్‌లో అడిగేది కారణాలు, పర్యవసానాలే కాబట్టి ఈ నష్టం భరించవచ్చనిపించింది. సమాచారం ఎక్కువైన విద్యార్థికి ఇంకో మంచి సోర్స్ చెప్పడం కంటే ఉన్న ఒక్క కథనాన్ని వాక్యం వాక్యంగా విప్పడం మేలు. పద్ధతి నేర్చుకోవడం తనకు పక్షం లేని యుద్ధంతో మొదలుపెట్టాలి, ఉన్నదానితో తర్వాత.

తెలుగు మీడియం పిల్లలతో ఇంకో ఇబ్బంది ఉంది. విదేశీ యుద్ధాల మీద మన పత్రికల్లో వచ్చేది ఎక్కువగా ఏజెన్సీ కాపీయే, చోటు చాలక కుదించినప్పుడు ఎవరు చెప్పారన్నదే ముందు ఎగిరిపోతుంది. అందుకని ఇప్పుడు తెలుగు వార్త, దాని ఏజెన్సీ మూలం రెండూ పక్కపక్కన పెట్టి, ఏ వాక్యం అక్షరం కోల్పోయిందో వెతికిస్తున్నాను. ఇంగ్లిష్ అంటే బెరుకున్నవాళ్ళు కూడా ఈ పని ఉత్సాహంగా చేస్తున్నారు. కొత్త బ్యాచ్‌కు మయన్మార్ తీసుకున్నాం, 2021 ఫిబ్రవరి సైనిక కుట్ర నుంచి 2024 జనవరిలో అరకాన్ ఆర్మీ అనే సాయుధ దళం పలెట్వా పట్టణాన్ని పట్టుకోవడం వరకు. కోల్‌కతాను మయన్మార్ మీదుగా మిజోరంతో కలిపే మన కలదాన్ ప్రాజెక్టు దారి ఆ ఊరి మీదుగానే పోతుంది కాబట్టి, "మనకెందుకు సార్ ఆ గొడవ" అని ఈసారి ఎవరూ అడగలేదు.